కుడిమర, ఎడమమర

సీసామూత మొదలుకొని కొళాయి వరకు మన యిండ్లలోని మరలన్నియు దాదాపు నొక్క నియమమునకే లోబడియున్నవి. కుడివైపునకు త్రిప్పిన బిగియును. ఎడమవైపునకు త్రిప్పిన వదలును. దీనిని మనకెవ్వరును పాఠముగా చెప్పలేదు. చేయి తనంతట తాను నేర్చుకొన్నది. చేయి నేర్చినదానిని బుద్ధి మరల విచారింపదు. లోకమున ఆచారమని పేరువడసినదానిలో పెద్దపాలు ఇట్టి చేతియలవాటే యని నేను తలంచుచున్నాను. ఒక పాత ఫ్రెంచి సైకిలును బాగుచేయ బూనినప్పుడు ఈ తలంపు నాలో స్థిరపడినది. ఆ పని యెట్లు జరిగెనో చెప్పి, దానివలన తేలిన సంగతిని చదువరుల విచారణకు విడిచెదను.

సైకిలు ప్యూజో కంపెనీవారిది. ఫ్రాన్సుదేశమున 1810లో ఉక్కుపని నారంభించిన కుటుంబమువారు రంపములను, కాఫీగింజలు విసరు మరలను చేసి, 1882లో సైకిళ్ల తయారీకి దిగిరి. రంపముల గట్టిదనమునకు గుర్తుగా 1858లో వారు నమోదు చేయించుకొన్న సింహమే సైకిలు మెడమీదను నిలిచినది. అట్టి సింహమొకటి పెనుకొండలోని మా బంధువుల పశువులకొట్టములో, జొన్నచొప్పక్రింద, పండ్రెండేండ్లు నిద్రించెను. పుట్టపర్తికి వచ్చిన పరదేశి యాత్రికుడొకడు విడిచిపోగా, అది చేతులు మారి యచ్చటికి చేరినదట. పాతయినుము కొనువాడు తూకపుకొక్కెమును తగిలించుచుండగా నేను పోయి, అతడు చెప్పిన వెలయే యిచ్చి, దానిని హిందూపురమునకు తెచ్చుకొంటిని.

మన బజారులలో బస్తాలు మోయు సైకిలు ఎద్దయినచో ఇది లేడి. సన్నని ఉక్కుగొట్టములు, పొట్టేలుకొమ్ములవలె క్రిందికి వంగిన హ్యాండిలు, ముందు రెండు, వెనుక అయిదు పండ్లచక్రములు, అనగా పది గేర్లు. అయితే గేరుమార్చు ప్లాస్టికు భాగము పగిలియుండెను. పుల్లలు, బోల్టులు తుప్పుపట్టి యెఱ్ఱమన్నువలె రాలుచుండెను.

హిందూపురము చింతపండు వ్యాపారమునకు ప్రసిద్ధి కెక్కినది. తుప్పుపట్టిన చిన్న భాగములను చింతపండు నానిన నీటిలో రాత్రియంతయు ఉంచితిని. పులుపులోని ఆమ్లము తుప్పును కరగించును. తెల్లవారి బాగుగా కడిగి, తుడిచి, వెంటనే నూనె పూయవలెను. కొంచెము ఉపేక్షించిన తుప్పు మరల లేచును. “పులుసుకు దాచిపెట్టిన చింతపండు సైకిలుకు పోస్తిరి. ఇంక రేపు పప్పులోకి ఏమి వేయల్ల?” అని నా భార్య యడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. పొరుగింటి పెద్దమనిషి మాత్రము, “ముప్పైయేండ్లు లెక్కలు చెప్పిన అయ్యవారు అరుగుమీద మసిచేతులతో కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?” అనెను. మసి సబ్బుతో పోవును. చేతిపనిని చూచి సిగ్గుపడు బుద్ధి యే సబ్బుతోను పోదు.

తరువాతి చిక్కు కొలతలది. మన దేశపు సామాన్యమైన నల్లసైకిలు రిమ్ములో టైరు కూర్చుండుచోట వ్యాసము 635 మిల్లీమీటర్లు, దీనికి 622. పదమూడు మిల్లీమీటర్ల భేదమును కన్ను కనిపెట్టకపోయినను టైరు కనిపెట్టును. నేటి గేరుసైకిళ్లలో పెక్కింటికి 622 కొలతయే యగుటచేత బెంగుళూరినుండి టైర్లు తెప్పించుట కష్టము కాలేదు. అసలు కష్టము పెడళ్ల నడిమి యిరుసు దగ్గర కాచుకొనియుండెను.

ఆ యిరుసు ఇరుప్రక్కల నొక్కొక్క ఉక్కుకప్పులో, గుండ్లమీద తిరుగును. కప్పులకు వెలుపల మరచుట్లు కలవు. వానిచేతనే యవి చట్రమునకు బిగింపబడును. ఎడమకప్పు సులభముగా వచ్చినది. కుడికప్పు కిరసనాయిలులో మూడుదినములు నానినను కదలలేదు. మా వీథిచివర సైకిలుషాపు నడుపు సాయిబుగారిని పిలిచితిని. ఆయన యేబదియేండ్లుగా ఆ పనిలోనున్నవారు. హిందూపురములో ఆయన విప్పలేని కప్పు లేదని వాడుక. ఆయనయు ప్రయత్నించి, స్పానరు జారుచున్నదనియు, పెద్ద వైసు కావలెననియు చెప్పి, పెనుకొండలో తమ యల్లుని లేతుషాపునకు పోవుదమనిరి. చట్రమును గోనెపట్టాలో చుట్టుకొని యిద్దరమును రైలెక్కితిమి.

పెనుకొండలో పని యిట్లు సాగెను. కప్పు అంచును వైసులో బిగించి, చట్రమునే మీటగా చేతపట్టి, వైసుచుట్టు నడువవలెను. “మీ గుళ్లో తిరిగినట్ల తిరగల్ల అయ్యవారూ” అని సాయిబుగారు నవ్వుచు చట్రమును కుడిచుట్టుగా త్రిప్పసాగిరి. నిజముగా అది ప్రదక్షిణమే. మన దేశమున దొరకు సామాన్యమైన సైకిలు కుడికప్పునకు ఎడమమర యుండును. కావున దానిని విప్పుటకు చట్రమును ప్రదక్షిణముగానే త్రిప్పవలెను. ఆయన చేయి వేలసారులు చేసిన పని యది. కాని యీ కప్పు వదలలేదు. మేమిద్దరము కలిసి త్రోసితిమి, ఇనుము మూలిగెను. అల్లుడు గ్యాసుమంట తెచ్చెదననెను. ఒకడు సుత్తి నందించెను. చట్రములోని చుట్లు ఒక్కసారి చెడినచో సైకిలు మరల పాతయినుమే. అంతకంటె నన్ను బాధించినది సాయిబుగారి ముఖము. అల్లుని యెదుట, అతని పనివాండ్ర యెదుట, ఏబదియేండ్ల పేరు ఆ చిన్నకప్పులో చిక్కుకొనియుండెను. సాయంకాలపు నమాజువేళ యగుటచేత పని నిలిచినది.

మరునాడు నాకు ధర్మవరమున బంధువులయింట శుభకార్య ముండెను. అచ్చట నా బావమరిది పట్టుదారమునకు పురిపెట్టు పనిచేయును. యంత్రముల ప్రక్క కూర్చుండి యీ కథ చెప్పగా అతడు చేతిలోని కండెను క్రిందపెట్టి, “బావా, ఆ మరకు పురి ఏ పక్కకుండాదో చూసినారా? పురి తెలీకుండా బలం చూపిస్తే పోగు తెగుతుంది” అనెను. పడుగునకు వాడు పట్టునకు ముందు ఒక దిక్కునకు పురిపెట్టి, అట్టి పోగులను జతచేసి, ఎదురు దిక్కునకు మరల పురిపెట్టుదురు. రెండు పురులు నొకదాని నొకటి పట్టి నిలుపుటచేతనే దారము మగ్గముమీద లాగుడునకు ఓర్చుకొనును. దిక్కు తప్పినచో రెండవ పురి మొదటిదానిని విప్పదు, బిగించును; దారము మెలికలుపడును. సైకిలు పని యెఱుగనివాడు, తన పనిలోని జ్ఞానముచేతనే, మా పనిలోని ప్రశ్న నడిగెను.

పెనుకొండకు తిరిగివచ్చి, కప్పు ముఖమును రుద్ది చూచితిమి. “35 × 1” అను అంకెలు బయలుపడెను. అనగా వ్యాసము 35 మిల్లీమీటర్లు, చుట్టునకు చుట్టునకు ఎడము ఒక మిల్లీమీటరు. ఇంగ్లీషు కొలతలో వ్యాసము 1.37 అంగుళములు, అంగుళమునకు 24 చుట్లు. మిల్లీమీటర్లలో చెప్పిన దాదాపు 34.8, ఎడము 1.06. ఇంత దగ్గర కొలతలగుటచేత ఒకదానిలో నింకొకటి రెండుచుట్లు దూరును. ఆమీద బలవంతపెట్టినచో రెండును చెడును. అంకెలు దేశమును చెప్పెను గాని దిక్కును చెప్పలేదు. ఎడమప్రక్కనుండి లోనికి దీపము చూపి, కప్పు కావల మిగిలిన చుట్ల వాలును ఒక సామాన్యమైన నట్టులోని చుట్లతో పోల్చి చూచితిమి. అది కుడిమర. ప్రదక్షిణము చేసినకొలది మేము దానిని బిగించుచుంటిమి.

“అయితే అప్రదక్షిణం తిరగల్ల” అనిరి సాయిబుగారు. చట్రము పట్టుకొని ఒక నిమేషము ఊరక నిలిచిరి. ఏబదియేండ్ల చేయి యెదురునడకకు వెంటనే యొప్పుకొనదు. పిమ్మట నడిచిరి. పావుచుట్టు తిరుగకమునుపే కిర్రుమని చప్పుడై కప్పు వదలెను. మంట యవసరము లేకపోయెను. సుత్తి యవసరము లేకపోయెను.

ఆయన సంతోషింతురని యనుకొంటిని. ఆయన బల్లమీద కూర్చుండి యిట్లనిరి: “మా ఉస్తాదు కుడికప్పు ఎడమమర అని చెప్పె. ఎందుకని అడిగితే స్పానరుతో వేళ్లమీద కొట్టేటోడు. అది ఎందుకో ఈరోజుకీ నాకు తెలీదు అయ్యవారూ.”

కారణము గ్రంథములలో నున్నది. నేనది చదివియుంటిని గనుక చెప్పితిని. పిడికిలిలో పెన్సిలును వదులుగా పట్టుకొని దాని కొనను కుడిచుట్టుగా త్రిప్పుడు. పెన్సిలు తాను మెల్లమెల్లగా ఎడమచుట్టుగా దొర్లును. బరువు క్రింద ఇరుసు తిరుగునప్పుడు కప్పునందును ఇట్టి కంటికగపడని చలనమే పుట్టును. కుడిప్రక్క కప్పునకు కుడిమర యున్నచో త్రొక్కిన కొలది అది వదలజూచును. ఎడమమర యున్నచో బిగియజూచును. అందుచేత ఇంగ్లీషువా రచ్చట ఎడమమర పెట్టిరి. ఫ్రెంచివారు రెండువైపుల కుడిమరయే పెట్టి, గట్టిగా బిగించి, దానితో తృప్తిపడిరి. వారిలో కొందరు 1970 దశాబ్దము చివర కుడికప్పునకు ఎడమమరను స్వీకరించిరి. 1980 దశాబ్దమున ఇంగ్లీషు కొలతయే అచ్చటను వ్యాపించెను. కాబట్టి సాయిబుగారి యాచారము మూఢాచారము కాదు. దానికి దృఢమైన కారణము కలదు. ఆ కారణము వర్తింపని యొక్కచోట అది పనికిరాలేదు, అంతే.

చదువరులారా, ఇందు రెండు బుద్ధులు నాకు కనబడుచున్నవి. పెద్దలు త్రిప్పిన దిక్కునకే త్రిప్పుదము, వదలకపోయిన నింకను బలముగా త్రిప్పుదము అనునది యొకటి. పాతది గనుక పనికిరానిది, సుత్తి తెమ్ము అనునది రెండవది. మొదటిదానిని ఆచారపరాయణత యందురు. రెండవదానిని సంస్కరణ యని కొందరు భ్రమపడుదురు. రెంటియందును లోపమొక్కటే: మర యే దిక్కున నున్నదో చూడకపోవుట. కారణ మెఱుగనివానికి ఆచారము సంకెల, ఎఱిగినవానికి పనిముట్టు. ఎక్కడ వాడవలెనో, ఎక్కడ మానవలెనో అతనికే తెలియును.

ఈ యజ్ఞానము సైకిలుషాపునకు మాత్రమే పరిమితమైనది కాదు. ఋణసంఖ్యను ఋణసంఖ్యచే గుణించిన ధనసంఖ్య యేల యగునని పిల్లవాడడిగినచో, అది సూత్రము, వ్రాసికొమ్మని చెప్పు బడులు నేటికిని కలవు. అచ్చట స్పానరు లేదు గాని దెబ్బ తగులుచోటు అదియే. దేశముల నడవడియు నిట్లే యున్నది. ఇంగ్లీషువారు 1947లో పోయిరి. 1949లో మద్రాసున టీ.ఐ. సైకిల్సు, 1951లో సోనీపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో అను సైకిలు కంపెనీలు వెలసినవి. ఆ 1956లోనే మన పార్లమెంటు మెట్రికు కొలతల చట్టము చేసెను. పాలకులు పోయిరి, అంగుళము పోయెను, సైకిలు కప్పులోని ఇంగ్లీషు మరచుట్టు నిలిచినది. నిలుచుట తప్పు కాదు. ఎందులకు నిలిచినదో మన పనివానికి ఎవ్వరును చెప్పకపోవుట తప్పు.

ఇక నొక చిత్రము. కప్పులు కడిగి తిరిగి బిగించునప్పుడు పాతగుండ్లు అరిగియుండుట చూచి, హిందూపురము బజారులో దొరకు పావు అంగుళపు గుండ్లనే ప్రక్కకు పదునొకండు చొప్పున పోసితిమి. సరిగా కుదిరినవి. మరచుట్లలో అంత పంతముపట్టిన ఫ్రెంచివారు గుండ్లను మాత్రము అంగుళపు కొలతనే వాడిరి. పైకొలతలు దేశదేశమునకు మారినను, లోపల బరువుమోయు గుండు ఒక్కటే!

కారణము చెప్పినందుకు గురుత్వము నాకు దక్కినదని యెవ్వరును తలపవలదు. చక్రపువంకర తీయుట నేర్పినవారు సాయిబుగారు. ఆయన పుల్లలను వ్రేలితో మీటి, వాని నాదమునుబట్టి ఏది బిగువో ఏది వదులో చెప్పుదురు. ఆ విద్య నాకే పుస్తకమునను దొరకలేదు. ఆయన మనుమడు పదవతరగతి చదువుచున్నాడు. షాపులో కూర్చుండుట వానికి నామోషి. “నేను పోతే ఇదంతా నాతోనే పోతుంది. వాడు పని చేయకపోయినా సరే, రాసిపెట్టండి అయ్యవారూ” అని సాయిబుగారు కోరిరి. ఇప్పుడు ఆదివారము లందు ఆయన చెప్పుచుందురు, నేను వ్రాయుచుందును. ఇప్పటికి నలుబది పుటలైనవి. ప్రతి పనికిని ప్రక్కన “ఎందుకు” అను గడి యొకటి గీచితిమి. కొన్నింట ఆయన నింపుదురు, కొన్నింట నేను వెదకి నింపుదును. మా యిద్దరికిని తెలియనివి ఖాళీగానే యున్నవి. మొన్న ఆ ఖాళీగడులలో రెంటిని నింపినవాడు మనుమడే.

ప్యూజో యిప్పుడు తిరుగుచున్నది. దాని కుడికప్పు ప్రక్కన చట్రముమీద సాయిబుగారు ఎఱ్ఱరంగుతో నొక బాణపుగుర్తు వేసిరి. ఇంకొక యేబదియేండ్లకు దానిని విప్పబోవు చేయి ఎవరిదైనను, ఏ దిక్కునకు త్రిప్పవలెనో తడుముకొన నక్కరలేదు. బాణము క్రింద, నా చేత, చిన్న యక్షరములతో కారణమును గూడ వ్రాయించిరి.