ధర చెప్పే యంత్రానికి పెళ్ళిచూపులు

మా అక్క కొడుకు దసరా సెలవులకి కోరుట్ల వచ్చాడు. వస్తూనే సర్వపిండి ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ల్యాప్‌టాప్ తెరిచాడు. సద్దుల బతుకమ్మ నాడు కూడా ఆఫీసు పనేనా అని నేను విసుక్కుంటే, "మూడు సంబంధాలు వచ్చినయి చిన్నమ్మా, ఒకటి తేల్చాలె" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అవి పిల్లల సంబంధాలు కావు, సాఫ్ట్‌వేర్లట!

వాడు హైదరాబాదులో ఒక ఇంటర్నెట్ కంపెనీలో పనిచేస్తాడు. కనెక్షన్లు అమ్మే కుర్రాళ్ళ చేతికి, గిరాకీకి ధర కట్టి చెప్పే సాఫ్ట్‌వేరు కొనివ్వాలని ఆ కంపెనీవాళ్ళ ఆలోచన. మూడింటిలో ఏది మంచిదో పరీక్షించి రాసివ్వడం వీడి వంతు.

"ధర చెప్పేటందుకు యంత్రమెందుకురా? నోరు లేదా?" అన్నాను.

నేను ట్రంకుకాల్ రోజులు చూసినదాన్ని. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడే రకాలు. దూరాన్నిబట్టి రేటు, మూడేసి నిమిషాల లెక్క. అంతే. ఇప్పుడు అలా కాదట. స్పీడు ఎంత, టీవీ కూడా కావాలా, నెలకా ఆర్నెల్లకా, ఇల్లా దుకాణమా... ఏది దేంతో కలుస్తుందో అమ్మేవాడికే గుర్తుండదు. అందుకని సరుకు కూర్చడం, ధర కట్టడం, చీటీ రాసివ్వడం మూడూ యంత్రమే చేస్తుంది. దాన్ని సీపీక్యూ అంటారు.

ఇదేమీ నిన్నమొన్నటి ఊహ కాదు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ కంప్యూటర్ల ఆర్డర్లలో కావలసిన తీగలూ భాగాలూ రాయడం మరిచిపోతుండేవారు. ఆ తప్పులు దిద్దడానికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌డెర్మట్ అనే ఆయన 1978లో ఆర్1 అనే ప్రోగ్రాం తయారుచేశాడు. 1980 నుంచి ఆ కంపెనీ దాన్ని వాడుకుంది. మన చిత్తూరు జిల్లా రాజ్ రెడ్డిగారు పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయమే అది.

సరే, మూడు సంబంధాలూ చూశాను. మొదటిది రంగురంగుల బొమ్మలతో కళకళలాడుతోంది. రెండు నిమిషాల్లో చీటీ చేతిలో పెడుతుంది. వాడి మేనేజరు మనసు దానిమీదే ఉందట. కానీ వాళ్ళు చూపించిన ఉదాహరణలన్నీ మెయిన్‌రోడ్డు మీది ఇళ్ళే. పెళ్ళిచూపులనాడు పక్కింటి నగలు పెట్టుకుని కూర్చున్నట్టు లేదూ?

"నేనొక ఇల్లు చెప్త, దాన్నడుగు" అన్నాను.

మా కింది వాటాలో బీడీలు చేసుకునే అమ్మాయి ఉంటుంది. భర్త దుబాయిలో. పిల్లవాడు తండ్రి ముఖం చూస్తానని మారాం చేస్తుంటే కిందటేడు ఇంటర్నెట్ పెట్టించుకుంది. (వీడి కంపెనీ కాదులెండి, ఇంకొకటి.) అమ్మడానికి వచ్చిన కుర్రాడు నెలకి 499 అన్నాడు. మా సందులోకి తీగే రాలేదన్న సంగతి డబ్బు కట్టాక బయటపడింది. మూడు వారాలు ఎదురుచూసింది. ఆఖరికి లైను వచ్చింది, వెనకాలే 589 రూపాయల బిల్లూ వచ్చింది. 18 శాతం జీఎస్టీ సంగతి ఎవరూ చెప్పలేదు. డబ్బాకి డిపాజిట్టు మళ్ళీ వేరే. ఆ అమ్మాయి కాగితం పట్టుకుని పైకొచ్చి, "నేనే తప్పు విన్ననా అక్కా?" అని అడిగింది.

"ఆ 90 రూపాయలకు ఎన్ని బీడీలు చుట్టాల్నో తెలుసారా?" అన్నాను. వాడు మాట్లాడకుండా మా సందు చిరునామా కొట్టాడు.

మొదటిది రెండు నిమిషాల్లో 499కి చీటీ ఇచ్చేసింది. తీగ ఉందా లేదా అని చూడనే లేదు. లైన్ల పటంతో తర్వాత కలుపుతామన్నారట అమ్మేవాళ్ళు. రెండోది పన్ను సరిగ్గానే కలిపింది, కాని ధర ఎంత తగ్గించినా సరేనంటోంది. పైవాళ్ళ అనుమతి అడగదు, బిల్లులు వేసే విభాగానికీ చెప్పదు. అమ్మేవాడు నోటితో తగ్గిస్తాడు, బిల్లు మాత్రం నిండుగా వస్తుంది. మూడోది చూడ్డానికి వెలిసిపోయిన చీరలా ఉంది, నిదానం కూడాను. చాలాసేపు ఆలోచించి, ఈ చిరునామాకి లైను లేదు, చూసి చెప్తాం అంది. చీటీ ఇవ్వలేదు.

"ఇదే మంచిది" అన్నాను.

"అమ్మే పిల్లలకు ఇది నచ్చదు చిన్నమ్మా. లేదంటే గిరాకీ పోతది, వాళ్ళ కమీషన్ పోతది."

అదీ నిజమే. వాళ్ళూ ఎవరో తల్లి కన్న పిల్లలే, ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. అయినా వాడు తన పట్టికలో కొత్త గడి ఒకటి గీశాడు: చీటీలో ధరా, మొదటి బిల్లూ పైసాతో సహా ఒకటేనా? దానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెట్టాడు. మేనేజరు ఏమంటాడో మరి.

ఇంతలో కింది వాటా అమ్మాయి గునుగు పూలు పట్టుకొచ్చింది. మావాడు హుషారుగా మెయిన్‌రోడ్డు చిరునామా ఒకటి మూడోదానికి ఇచ్చి, వచ్చిన చీటీ చదివి వినిపించాడు. "499, పన్ను 89 రూపాయల 82 పైసలు, మొత్తం 588 రూపాయల 82 పైసలు."

ఆమె పూలు కింద పెట్టి, "మరి డబ్బకు డిపాజిట్టు?" అంది.

వాడు చీటీ కిందికీ మీదికీ జరిపి చూశాడు. ఎక్కడా లేదు. సర్వపిండి పళ్ళెం పక్కకి నెట్టి మళ్ళీ మొదటినుంచి కూర్చున్నాడు. మేమిద్దరం బతుకమ్మ పేర్చుకోవడానికి వెళ్ళాం.