ప్రక్కకు తిరిగిన ముఖం

గిర్లాందాయో గీసిన జొవాన్నా తోర్నబువోని చిత్రంలో ఆమె ప్రక్కముఖమే కనిపిస్తుంది. మెడలో నగ, వెనుక ఆమె శీలాన్ని పొగిడే లాటిన్ పద్యం. రెండో బిడ్డను మోస్తూ 1488లో చనిపోయిన ఆ ఫ్లారెన్సు ఇల్లాలు మనవైపు చూడదు. చూడకపోవడమే సుగుణమట!

ఆ వంచని మెడ చూసినప్పుడల్లా నాకు మా నరసాపురంలో తల వంచి లేసు అల్లే స్త్రీలు గుర్తొస్తారు. గడప దాటని ఇల్లాళ్ళని మనం గౌరవంగానే అంటాం. ఆ గౌరవం చాటునే వారి శ్రమను తీరికవేళ కాలక్షేపమన్నారు, కూలి తగ్గించారు. లేసు మాత్రం సముద్రాలు దాటింది. 1982లో మరియా మీస్ తన పుస్తకంలో చూపింది ఈ సంగతే.

నిరుడు అరుగుమీద లేసు అల్లుతున్న ఒకావిడను ప్రక్కనుంచి ఫొటో తీయబోయాను. తలెత్తి సూటిగా చూసింది.

"దీనికెంతిస్తారో కూడా రాస్తారా, మాస్టారూ?"