డెబ్బై ఒకటో ఏట ఆటోక్రాస్: పెద్దవయసులో కారు నడపడం గురించి



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి మీతో ఎన్నోసార్లు ముచ్చటించాను. ఈసారి పెద్దవయసులో వాహనం నడపడం గురించి వ్రాస్తున్నాను. అరవై ఏళ్లు దాటినవారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకనాడు "పెద్దాయన ఇంకా కారు నడపవచ్చునా?" అన్న ప్రశ్న తలెత్తుతుంది. మా ఇంట్లోనూ తలెత్తింది.

మాది చేజర్ల. ఆత్మకూరుకో నెల్లూరుకో వెళ్లవలసి వస్తే నేనే కారు నడుపుకొని వెళతాను. మా మెట్ట ప్రాంతపు రోడ్లు మీకు తెలియనివి కావు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి గేదెలు ఇంటిదారి పడతాయి. మలుపు తిరగగానే ఆటో నిలబడి ఉంటుంది. నెల్లూరు–ముంబయి రహదారి ఎక్కితే లారీల వరుస. నాకు డెబ్బై నిండినప్పటి నుంచి నా శ్రీమతి పక్క సీటులో కూర్చొని దారి పొడవునా దేవుణ్ణి తలచుకుంటూనే ఉంటుంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా "నాయనా, డ్రైవరును పెట్టుకోండి" అంటాడు.

వారి భయం అకారణం కాదని నాకు తెలుసు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో అర్ధరాత్రి తలుపు తట్టిన కేసులలో రోడ్డు ప్రమాదాలు తక్కువేమీ కావు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. మరోవైపు, కారు తాళం చేతి నుంచి జారిపోతే పెద్దవారికి దూరమయ్యేది వాహనం ఒక్కటే కాదు. బంధువుల ఇల్లు, బ్యాంకు, గుడి, వైద్యుడు అన్నీ మరొకరి తీరిక మీద ఆధారపడతాయి. అందుచేత ఈ ప్రశ్నకు భయంతోనూ, పౌరుషంతోనూ కాక పరీక్షతో సమాధానం చెప్పుకోవాలని అనుకున్నాను. ఆ పరీక్ష నేనెన్నడూ ఊహించని చోట ఎదురైంది.

2023 అక్టోబరులో మేము టెక్సాస్‌లోని మా అబ్బాయి ఇంటికి వెళ్లాము. వాడు ఆదివారాలు ఆటోక్రాస్‌లో పాల్గొంటాడు. మోటారు పోటీ అనగానే మనకు స్ఫురించేవి వేరు. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు, కోయంబత్తూరు వాసి నారాయణ్ కార్తికేయన్ గుర్తుకు వస్తారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పందెం గుర్తుకు వస్తుంది. ఆటోక్రాస్ అటువంటిది కాదు. విశాలమైన ఖాళీ పార్కింగ్ స్థలంలో నారింజరంగు రబ్బరు శంకువులు పెట్టి మెలికలు తిరిగే దారి ఏర్పరుస్తారు. ఒక్కొక్క కారు విడిగా, గడియారంతో పోటీపడుతూ వెళుతుంది. ఇతర కారును ఢీకొనే అవకాశం దాదాపుగా ఉండదు. వేగం మామూలు రహదారి వేగాన్ని మించదు. శంకువు పడితే సమయానికి రెండు సెకన్లు కలుపుతారు. 1944లో స్థాపితమైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలకు 'సోలో' అని పేరు పెట్టింది. ఇంట్లో వాడే మామూలు కారుతోనే పాల్గొనవచ్చు.

"నాయనా, ఒక్కసారి మీరూ నడపండి. అక్కడ గేదెలు లేవు, లారీలు లేవు. మీ సంగతి మీకే తెలుస్తుంది" అన్నాడు వాడు. నా శ్రీమతి ఆ పూట భోజనం మానేసినంత పని చేసింది. నేను వైద్యుడిని కనుక ముందు నన్ను నేనే రోగిగా చూసుకున్నాను. రక్తపోటు అదుపులో ఉన్నది. బయలుదేరే ముందు నెల్లూరులో తీయించిన ఇ.సి.జి., ట్రెడ్‌మిల్ పరీక్ష బాగున్నాయి. రెండు కళ్లకూ శుక్లాల శస్త్రచికిత్స జరిగి రెండేళ్లయింది. మెడ కుడివైపు తిరిగినంతగా ఎడమవైపు తిరగదు. భారత లైసెన్సు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చేతిలో ఉన్నాయి.

పోటీకి ముందు వాహనాన్ని పరీక్షించే పద్ధతి చూసి ముచ్చటపడ్డాను. చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, బ్యాటరీ కదలకుండా ఉన్నదా, బ్రేకు పెడలు గట్టిగా ఉన్నదా అని చూశారు. కారులో నీళ్ల సీసాతో సహా వదులుగా ఉన్న ప్రతి వస్తువునూ దింపించారు. అకస్మాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఆ సీసా వచ్చి పెడలు కింద ఇరుక్కుంటే పాదం ఏమి చేయగలదు? మన కార్లలో వెనుక అద్దం దగ్గర కొబ్బరికాయలు, ఇనుప టిఫిన్ క్యారియర్లు పెట్టుకొని వెళ్లేవారు ఈ సంగతి ఆలోచించాలి.

తరువాత అందరం ఆ దారి వెంట నడిచాము. కొత్తవారికి తోడుగా ఒక శిక్షకురాలు వచ్చింది. మా మనుమరాలి వయసుండే ఆ అమ్మాయి నా సీటు ముందుకు జరిపించింది. నా ఛాతీకి, స్టీరింగుకు మధ్య సుమారు 25 సెంటీమీటర్ల దూరం, తల వెనుక దిండు తల పై అంచుకు సమానంగా, బెల్టు పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద ఉండేట్లు సరిచేసింది. గాలిసంచి విచ్చుకున్నప్పుడు ఛాతీని, వెనుక నుంచి ఢీకొన్నప్పుడు మెడను కాపాడే కొలతలు ఇవే. శిరస్త్రాణం పెట్టించి, బుగ్గలు కదలకుండా ఉన్నవో లేదో చూసి, గడ్డం కింద పట్టీ బిగించింది. మన ఊళ్లలో మోటారుసైకిలు నడిపే యువకులు పట్టీ వదిలేసి తలమీద బుట్టలా పెట్టుకొనే శిరస్త్రాణం, కిందపడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది.

బయలుదేరే గీత దగ్గర నాడి చూసుకున్నాను. విశ్రాంతిలో 72 ఉండే నాడి 116 ఉన్నది. కారు ఇంకా కదలనే లేదు! అడ్రినలిన్ ప్రభావం అది. నోరు ఎండుతుంది, ఊపిరి బిగబడుతుంది, చూపు ఇరుకై ముందున్న ఒక్క వస్తువు మీదనే నిలిచిపోతుంది. ప్రమాద సమయంలో డ్రైవరుకు జరిగేదీ ఇదే. ఆ అమ్మాయి చెప్పిన మొదటి మాట "ఊపిరి తీసుకోండి". రెండవ మాట "పక్కనున్న శంకువును చూడకండి, దాని తరువాతి దాని తరువాతి దానిని చూడండి". కన్ను ఎటు చూస్తే చేతులు అటే తిప్పుతాయి. గుంటను చూస్తూ నడిపేవాడు గుంటలోనే పడతాడన్నది మన రోడ్ల మీద అందరికీ అనుభవమే.

మొదటి చుట్టు 94 సెకన్లు, రెండవది 86, మూడవది 81. ఒక్క శంకువూ పడలేదు. మా అబ్బాయి సమయం 62 సెకన్లని ఇక్కడ చెప్పకపోతే వాడు ఊరుకోడు. ముగింపు గీత దాటగానే పూర్తి బలంతో బ్రేకు తొక్కమన్నారు. పాదం కింద పెడలు గడగడలాడింది. అది ఎ.బి.ఎస్. పనిచేస్తున్న గుర్తు. యాభై ఏళ్లుగా కారు నడుపుతున్నా ఆ కంపనం నాకు అదే మొదటిసారి. తెలియనివారు కారుకు ఏదో అయిందని పాదం ఎత్తివేస్తారు. ఎత్తరాదు, తొక్కి ఉంచాలి.

నాలుగవ చుట్టులో మరింత తగ్గుతుందని అందరూ అనుకున్నారు. 84 వచ్చింది. దారి తెలిసింది, భయం తగ్గింది, అయినా సమయం పెరిగింది. కారణం అలసట. మధ్యలో గంటసేపు అందరితో పాటు ఎండలో నిలబడి పడిన శంకువులను సరిచేసే పని చేశాను. కాలి పిక్కలు బరువెక్కాయి. నాకు నేనుగా "అలసిపోయాను" అని ఎన్నడూ ఒప్పుకొని ఉండేవాడిని కాను. గడియారం ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది. ఆ మూడు సెకన్లే నేను వెదుకుతున్న సమాధానంలో సగం.

ఆ మూడు సెకన్లకు రోడ్డు మీద విలువ ఎంతో చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు సుమారు 17 మీటర్లు కదులుతుంది. అడ్డు కనిపించి పాదం బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పడితే 25 మీటర్లు, రెండు సెకన్లు పడితే 33 మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేకు పనిచేయడం ఆ తరువాత మొదలవుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడిన తరువాత ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. వయసుతో పాటు ప్రతిస్పందన మందగిస్తుంది. కంటిపాప చీకటిలో మునుపటిలా పెద్దది కాదు. శుక్లం ఉంటే ఎదుటి లైట్లు చెదిరి కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఆటోక్రాస్‌కు వెళ్లకుండానే మీరు చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. పగటి వెలుతురులో, కళ్లద్దాలు వాడేవారు వాటితోనే, 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలగాలి. లైసెన్సు వైద్య ధ్రువపత్రంలో అడిగే కొలత అదే. దానిని మొక్కుబడిగా సంతకం చేయించుకోకండి. 55 ఏళ్లు దాటిన వారికి లైసెన్సు ఐదేళ్లకొకసారి ఇవ్వడంలో ఉద్దేశం కూడా ఈ పరీక్ష జరగాలనే. సీటులో కూర్చొని మెడ రెండువైపులా తిప్పి వెనుక కిటికీ చూడగలుగుతున్నారా? ఇంట్లోవారు మీ పక్కన కూర్చోవడానికి జంకుతున్నారా? కారుకు కొత్త గీతలు పడుతున్నాయా?

మందుల సంగతి మరువకండి. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలం మగత కలిగిస్తాయి. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వాడే మధుమేహులు భోజనం ఆలస్యం చేసి స్టీరింగు పట్టరాదు. బయలుదేరే ముందు చక్కెర 90కి తక్కువ ఉంటే ఏదైనా తిని, పెరిగినట్లు చూసుకొని బయలుదేరండి. 70కి తగ్గి చెమటలు, వణుకు వస్తే బండి పక్కకు ఆపి పంచదార తీసుకోండి. చక్కెర సరైన స్థితికి వచ్చిన తరువాత కూడా మెదడు పూర్తిగా తేరుకోవడానికి ముప్పావు గంట ఆగాలి.

ఇంటికి తిరిగి వచ్చాక నా నిర్ణయాలు చెబుతాను. పొద్దు గుంకిన తరువాత నడపడం మానేశాను. గంటకొకసారి ఆగి పది నిమిషాలు నడుస్తాను. నెల్లూరుకు లారీల రద్దీ వేళల్లో వెళ్లవలసి వస్తే డ్రైవరును పిలుస్తాను. పగటిపూట చేజర్ల నుంచి ఆత్మకూరుకు మాత్రం నేనే నడుపుతాను. ఏటా పుట్టినరోజు నెలలో కళ్లు, మెడ, గుండె పరీక్షించుకొని ఈ నిర్ణయాలను మళ్లీ చూసుకుంటాను. నా శ్రీమతి దేవుణ్ణి తలచుకోవడం మానలేదు కాని, ఇప్పుడు మధ్యమధ్య మాటలు కూడా కలుపుతున్నది.

మీ ఇంట్లో పెద్దవారు ఉంటే, "ఇక నడపకండి" అని ఒక్కమాటలో తాళం లాక్కోకండి. ఒక ఆదివారం ఉదయం వారి పక్కన కూర్చొని అరగంట తిరిగి రండి. చూసినది చూసినట్లు చెప్పండి. ఎప్పుడు, ఎంత దూరం, ఏ రోడ్డు అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. పెద్దవారు కూడా ఆ మాట వినడానికి సిద్ధపడాలి. గడియారం చెప్పిన మాట నేను విన్నట్లే.