మేడమ్ డ్యూటీలో ఉన్న రాత్రులు

జూన్ 19, 2024

రాత్రి రెండు దాటాక ఓ పెద్దావిడను కొడుకు బైకు మీద తీసుకొచ్చాడు. "గ్యాసండీ. ఓ ఇంజెక్షన్ చేసి పంపించెయ్యండి, పొద్దున్నే పనికెళ్లాలి" అన్నాడు. మా క్యాజువాలిటీ డాక్టరు మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుని ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. పట్టుకునేది నాడి చూడ్డానికే, కానీ చూడ్డం అయిపోయాక కూడా వదలరు. "చెప్పు పెద్దమ్మా, మొదట్నుంచీ చెప్పు" అన్నారు.

ఆవిడ మొదట్నుంచే చెప్పింది. మధ్యాహ్నం తిన్న గోంగూర, తేన్పులు, వీపులో పట్టేసినట్టు ఉండటం, కోడలు కాచిన వాము నీళ్లు. మా హౌస్ సర్జన్ కుర్రాడు మధ్యలో ఏదో అడగబోతే మేడమ్ చెయ్యెత్తి ఆపారు. చివరికొచ్చేసరికి పెద్దావిడ గొంతు తగ్గించి, "చెమటలు పట్టి జాకెట్టంతా తడిసిపోయిందమ్మా. వాడికి చెప్పలా, కంగారు పడతాడని" అంది. మేడమ్ నా వైపు తిరిగేలోపే ఈసీజీ మిషను తోసుకొచ్చాను. గుండె కింది గోడలో ఎటాక్. గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఎక్కించాం. తెల్లారేసరికి నొప్పి తగ్గింది.

టీ తాగేటప్పుడు మేడమ్ ఆ కుర్రాడికి ఓ పాత పరిశోధన గురించి చెప్పారు. 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల గదుల్లో మాటలు రికార్డు చేసి విన్నారట. రోగి చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డం పడుతున్నాడని తేలింది. ఈవిడ 18వ సెకనుకి ఇంకా గోంగూర దగ్గరే ఉంది. మొత్తం చెప్పడానికి పట్టింది మహా అయితే రెండు నిమిషాలు.

జూన్ 20

ఆ స్టూలు గురించి. మా క్యాజువాలిటీలో మంచానికో స్టూలు లేదు. మేడమ్ డ్యూటీకి రాగానే డ్రెస్సింగ్ రూములోంచి ఒకటి తెచ్చుకుంటారు. ఇంత రద్దీలో కూర్చుంటే టైము ఎలా సరిపోతుందని చాలామంది అంటారు. కాన్సస్ యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్లు దీన్ని కొలిచి 2012లో ప్రచురించారు. డాక్టరు కూర్చుని మాట్లాడినప్పుడు గడిపిన సమయం నిలబడినప్పటికన్నా ఎక్కువేం కాదు, నిజానికి కొంచెం తక్కువే. రోగులు మాత్రం చాలాసేపు కూర్చున్నారనే చెప్పారు. మా దగ్గర ఎవరూ కొలవలేదు. నేను చూస్తున్నది మాత్రం అదే.

జులై 2

గడ్డి మందు కేసు. పాతికేళ్లు నిండని కౌలురైతు.

పురుగుల మందైతే అట్రోపిన్ ఉంది. రాత్రంతా నిలబడి కొట్లాడొచ్చు. పారాక్వాట్‌కి విరుగుడు లేదు. మనిషి తెలివిలోనే ఉంటాడు, మాట్లాడతాడు, ఇంటివాళ్లకి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఊపిరితిత్తులు తర్వాతి రోజుల్లో గట్టిపడతాయి. పైగా ఆక్సిజన్ ఇస్తే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది కాబట్టి తప్పనిసరి అయ్యేదాకా పెట్టరు. పక్క మంచం మీద మనిషికి మాస్కు ఉండి తన కొడుక్కి లేకపోతే ఏ తల్లికైనా ఏమనిపిస్తుంది? ఆమె అడగనే అడిగింది: "మేం లేనోళ్లమని పెట్టట్లేదా అమ్మా?"

మేడమ్ ఆమెను మంచం చివర కూర్చోబెట్టి, తనూ కూర్చుని చెప్పారు. "కాదమ్మా. ఇప్పుడా గాలి పెడితే వాడు తాగిన మందు ఊపిరితిత్తుల్ని ఇంకా తొందరగా కాల్చేస్తుంది. పెట్టకుండా ఉండటం కూడా వైద్యమే. పెట్టాల్సిన నిమిషం వస్తే నేనే వచ్చి పెడతాను." తర్వాత ఒక ప్రశ్న వేశారు: "ఇంటికి ఫోన్ చేసి మీ ఆయనకి ఏం చెప్తావు?" ఆమె చెప్పిన దాన్నిబట్టి ఎంత అర్థమైందో తెలిసింది. తప్పిపోయిన ముక్క మళ్లీ చెప్పారు.

ఆ అబ్బాయిని "బుద్ధుందా, ఎందుకు తాగావ్" అని ఆయా దగ్గర్నుంచి ఎస్సై దాకా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మేడమ్ అడిగిన మొదటి మాట "ఎక్కడ ఎక్కువ నొప్పిగా ఉంది నాన్నా?" అని. నోటి నిండా పుండ్లు. మింగలేకపోతున్నాడు. దానికి మందు పడ్డాక వాడే అడిగాడు, బతుకుతానా అని. "కష్టంగానే ఉంది. చెయ్యగలిగినదంతా చేస్తాం. నొప్పితో మాత్రం నిన్ను వదిలెయ్యను" అన్నారు. వాడు తల ఊపి కళ్లు మూసుకున్నాడు. అబద్ధం చెప్పకుండా ధైర్యం ఇవ్వడం ఇంత కష్టమైన పని అని నర్సింగ్ పుస్తకంలో నేనెక్కడా చదవలేదు.

వాళ్ల అన్నకి పోలీసు కేసు భయం. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయడం మా విధి, రాశాం. కానీ మానసిక ఆరోగ్య చట్టం 2017లో 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు. నిన్నటి నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ అసలు లేదు. మేడమ్ ఇదంతా అతనికి రెండు వాక్యాల్లో చెప్పి, "మీ తమ్ముడి మీద కేసు ఉండదు, నువ్వు లోపలికెళ్లి వాడి పక్కన కూర్చో" అన్నారు. అప్పటిదాకా అతను గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

జులై 5

ఆ అబ్బాయి ఈ మధ్యాహ్నం పోయాడు.

జులై 16

పాము కాటు. వరి నారుమడిలో కాలి మడమ మీద. ఏ పామో చూడలేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టాలి. తర్వాత ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర లాంటి దాని విషం ఎక్కిందన్నమాట.

ఆ 20 నిమిషాలు రోగికి నరకం. మంత్రం వేయించకుండా ఇక్కడికెందుకు తెచ్చారని చుట్టాలు బయట గొడవ. మేడమ్ ట్యూబుని ఆయన కళ్లకు ఎదురుగా కిటికీ గట్టు మీద పెట్టించారు. "తాతా, అదిగో నీ రక్తం. గోడ గడియారం చూడు, పెద్ద ముల్లు నాలుగు మీదికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం. ఈలోపు ఆ కాలు కదపకు, మీ ఊరి సంగతులు చెప్పు." మధ్యలో రెండు మంచాలు చూసొచ్చారు. సరిగ్గా ముల్లు నాలుగు మీదికి వచ్చేసరికి ఆయన పక్కన ఉన్నారు. మాటిచ్చిన టైముకి డాక్టరు వచ్చిందని ఆ తాత ముఖంలో కనిపించిన తేలిక, తర్వాత ఎక్కించిన విరుగుడు సీసాలంత పని చేసిందని నేను నమ్ముతాను.

రక్తం గడ్డకట్టలేదు. వెంటనే మొదలుపెట్టాం.

జులై 28

చిన్నపిల్లలకి "నొప్పుండదు" అని మేడమ్ చెప్పరు. "ఒకటి, రెండు, మూడు అనేసరికి గుచ్చుకుంటుంది, ఏడవొచ్చు, చెయ్యి మాత్రం కదపకు" అంటారు. పిల్లలు నిజంగానే కదపరు.

ఆగస్టు 4

కట్లపాము. నేల మీద చాప వేసుకుని పడుకున్న కాపలా మనిషి. కాటు పడ్డట్టే తెలియలేదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. కడుపు నొప్పితో లేచాడు, తెల్లవారుజామున రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. 108లో వచ్చేసరికి ఊపిరి అందట్లేదు. ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు. కాసేపటికి ఏ అవయవమూ కదల్లేదు, కంటిపాపలు కూడా పెద్దవై అలాగే ఉండిపోయాయి. చూసినవాడెవడైనా ఆశ వదిలేస్తాడు. గదిలో ఎవరో "అయిపోయినట్టేగా" అన్నారు.

"వింటున్నాడు" అన్నారు మేడమ్. గొంతు పెంచలేదు. కట్లపాము విషం కండరాలకి అందాల్సిన సందేశాన్నే తెంచేస్తుంది, మెదడు మెలకువగానే ఉంటుంది. అది మాకందరికీ తెలిసిన విషయమే. తెలిసినదాన్ని ఆ నిమిషంలో గుర్తుంచుకున్నది ఆవిడొక్కరే. బొటనవేలితో అతని కనురెప్ప మెల్లగా పైకెత్తి, తన ముఖం అతనికి కనిపించేలా వంగారు. "బాబూ, నిన్ను కట్లపాము కరిచింది. ఒళ్లు కదలదు, అది విషం వల్ల. మిషను నీ బదులు ఊపిరి తీస్తోంది. విరుగుడు ఇచ్చాం. కొన్ని రోజులు పడుతుంది, మళ్లీ కదులుతావు. మీ ఆవిడ తలుపు బయటే ఉంది." ఆ తర్వాత కళ్లు ఎండిపోకుండా మందు రాసి, రెప్పలు మూసి టేపు వేయమన్నారు. నిద్రకీ నొప్పికీ మందు ఎక్కించమన్నారు. గంటకోసారి ఎవరో ఒకరు అతని చెవి దగ్గర టైము చెప్పాలని కేస్ షీటులో రాశారు. వైద్యపు ఆర్డర్ల వరుసలో, యాంటీబయాటిక్ కింద.

ఆగస్టు 10

అతనికి ట్యూబు తీశారు. గొంతు బొంగురుగా ఉంది. మొదట భార్య పేరు పిలిచాడు. తర్వాత మేడమ్‌ని చూసి, "మీరు టైము చెప్పేవాళ్లు" అన్నాడు. ఆ "అయిపోయినట్టేగా" కూడా విన్నాడట. మా ఆయాతో చెప్పుకుని ఏడ్చాడు. వెంటిలేటర్ మీదున్న మనిషి పక్కన అలాంటి మాట నా ఎదుట ఇంకెవరినీ అననివ్వను.

ఆగస్టు 17

కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ఈ నెల 9న, డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మాయిని చెరిచి చంపారు. డాక్టర్ల సంఘం ఐఎంఏ పిలుపు మీద ఈ పొద్దున ఆరు నుంచి 24 గంటలు దేశమంతా ఓపీలు బంద్. క్యాజువాలిటీ నడిచింది. మేడమ్ నల్ల బ్యాడ్జి పెట్టుకుని కేసులు చూశారు. ఆయాసంతో వచ్చిన ఒక తాత బ్యాడ్జి చూసి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగాడు. "మా డాక్టరమ్మాయి తాతా" అన్నారు. ఆయన మాస్కు పక్కకి జరిపి మరీ చేతులు జోడించాడు.

రోగుల మీద దయ చూపించండని మాకు చెప్పేవాళ్లు, రాత్రి డ్యూటీ రూము తలుపుకి గడియ ఉందో లేదో కూడా వచ్చి చూడాలి.

సెప్టెంబర్ 3

ఆదివారం నుంచి బుడమేరు నీళ్లలో విజయవాడ సింగ్‌నగర్ మునిగి ఉంది. అక్కడి నుంచి ఒక షుగర్ పేషెంటును తెచ్చారు. ఇన్సులిన్ ఇంట్లోనే, ఇల్లు నీళ్లలో. పాదాలు నాని తెల్లబడ్డాయి. సెలైన్ పెడుతుండగానే మేడమ్ తన ఫోన్ ఆయన చేతిలో పెట్టారు. "నంబరు గుర్తుందా బాబాయ్? ముందు ఇంట్లోవాళ్లకి చెప్పు బతికే ఉన్నానని."

సెప్టెంబర్ 19

హైవే మీద యాక్సిడెంట్. ఇరవై ఏళ్ల కుర్రాడు. ముప్పావు గంట ప్రయత్నించాం, ప్రాణం తిరిగి రాలేదు.

నేను చాలామంది డాక్టర్లు ఈ వార్త చెప్పడం చూశాను. కారిడార్‌లో నడుస్తూ, "సీరియస్‌గా ఉంది, మన చేతుల్లో లేదు, దేవుణ్ని తలుచుకోండి" అని. ఇంటివాళ్లు ఆ మాట పట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్దామా, ఎంతవుతుంది అని అడుగుతారు. అప్పటికే మనిషి లేడు. ఇది దయ అనుకుంటారు, కాదు. ఆ తండ్రికి లేని ఆశ కల్పించి, అరగంట తర్వాత మళ్లీ లాగేసుకోవడం.

మేడమ్ రక్తం అంటిన ఏప్రన్ మార్చుకున్నారు. చేతులు కడుక్కున్నారు. డ్రెస్సింగ్ రూము ఖాళీ చేయించి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టారు. ఇప్పటిదాకా మీకేం తెలుసని అడిగారు. తర్వాత జరిగింది వరుసగా చెప్పి, "మీ అబ్బాయి చనిపోయాడమ్మా" అన్నారు. ఆ మాట తర్వాత ఏమీ మాట్లాడలేదు. తల్లి కింద పడిపోతే ఆవిడతోపాటు నేల మీదే కూర్చున్నారు. బయట మూడు కేసులున్నాయి, రెండో డాక్టరు చూసుకున్నాడు.

ఈలోపు నా పని నాది. వెచ్చని నీళ్లతో కుర్రాడి ముఖం తుడిచాను. జుట్టులో గాజు పెంకులు ఏరాను. కళ్లు మూశాను. తెల్ల దుప్పటి గుండెల దాకా కప్పి, కుడి చెయ్యి బయట ఉంచాను. మేడమ్ ఎప్పుడూ చెప్పేదే ఇది, తల్లికి పట్టుకోవడానికి చెయ్యి దొరకాలని. ఆవిడ వచ్చి ఆ చేతినే పట్టుకుంది.

తర్వాత జరగబోయేది కూడా మేడమే చెప్పారు. పోలీసులు వస్తారు, పంచనామా, పోస్టుమార్టం, మార్చురీ దగ్గర ఎవరిని కలవాలి, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. చీటీ మీద రాసి మేనమామ జేబులో పెట్టారు.

అక్టోబర్ 6

గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేస్తుంటే భార్యను లోపల ఉండనిచ్చారు మేడమ్. పక్కన ఒక సిస్టర్‌ని ఇచ్చి, ఏం జరుగుతోందో చెప్తూ ఉండమన్నారు. కొత్త హౌస్ సర్జన్లకి ఇది నచ్చలేదు. ఫ్రాన్స్‌లో 570 మంది బంధువుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. దగ్గరుండి చూసే అవకాశం ఇచ్చినవాళ్లకే తర్వాతి నెలల్లో మానసిక క్షోభ తక్కువని అందులో తేలింది. సీపీఆర్ పనికి అడ్డమూ రాలేదు.

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో ఏఈటీకామ్ అనే పాఠం ఉంది, రోగితో ఎలా మాట్లాడాలో నేర్పేది. మంచిదే. కానీ ఈ పిల్లలు నిజంగా నేర్చుకునేది మేడమ్ వెనకాల నిలబడి. ఒక కుర్రాడు నిన్న ఎవరూ చెప్పకుండానే స్టూలు తెచ్చుకున్నాడు. "ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం" అని జనం అంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆవిడ చేసే ప్రతిదీ చేత్తో చేసేదే. చూసి నేర్చుకోవచ్చు.

అక్టోబర్ 9

సూపరింటెండెంట్ గారికి ఇవ్వాల్సిన అర్జీ ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

అయ్యా, క్యాజువాలిటీలో చావు కబురు చెప్పడానికి గది లేదు. డ్రెస్సింగ్ రూము ఖాళీ చేయించి చెబుతున్నాము. ఎక్స్‌రే పక్కన పాత రికార్డులు పెట్టిన గది ఉన్నది. ఆ రికార్డులు పై అంతస్తుకు మార్పించి, గదికి తలుపు, నాలుగు కుర్చీలు, మంచినీళ్ల కుండ, ఒక ఫ్యాను ఇప్పించవలసిందిగా క్యాజువాలిటీ సిస్టర్లందరి తరఫున కోరుతున్నాము.