గాలే కదా అనుకున్నా

పోస్టు కొంచెం పొడవు. హాస్టల్ డేకో, పండక్కో గాలితో కదిలే బొమ్మ చేయాలనుకునే వాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

నేను ఉరవకొండలో హాస్టల్లో ఉండి డిప్లొమా మెకానికల్ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. చెనిక్కాయ పంట పోయిన ఏడాదల్లా యాడి, బాపు బెంగళూరుకు కాంక్రీటు పనికి పోతారు. సెలవుల్లో నేను పంక్చర్ షాపులో పనిచేశా. అందుకే గాలి సంగతి నాకు తెలుసనుకున్నా.

హాస్టల్ డేకి ప్రహ్లాదుడి నాటకం అనుకున్నాం. పెన్నహోబిలం నరసింహస్వామి మనకు దగ్గరే కదా, ఆ కథ తెలియనోళ్లు లేరు. గద దెబ్బకు స్తంభం పగిలి నరసింహుడు దూకాలి. అమెరికాలో అక్టోబర్ 31న హాలోవీన్ అని చేస్తారు. ఇళ్ల ముందు పెట్టెల్లోంచి దయ్యాల బొమ్మలు దూకే వీడియోలు చూశా. చాలావాటి లోపల ఉండేది మన ల్యాబులో చూసే న్యూమాటిక్ సిలిండరే.

ల్యాబులో పక్కన పెట్టిన సిలిండరు, వాల్వు సారును అడిగి తెచ్చా. సిలిండరు లోపలి వ్యాసం 32 మి.మీ., కడ్డీ బయటికొచ్చేది 200 మి.మీ., అంటే జానెడు. నరసింహుడి తలను చెక్క పలకకు కట్టి, పలక అడుగున తలుపు బందు వేసి, బందుకు దగ్గరగా కడ్డీ తగిలించాం. కడ్డీ జానెడు కదిలితే తల రెండడుగులు వస్తుంది. బలం మూడో వంతవుతుంది, వేగం మూడింతలవుతుంది. ఆ వేగం సంగతి అప్పుడు ఆలోచించలేదు. కంప్రెసర్ పంక్చర్ షాపు భాయ్ ఇచ్చాడు. "గాలే కదా అనుకోవద్దు అబ్బీ, లోడు లారీని మోసేది అదే" అన్నాడు. నవ్వి ఊరుకున్నా.

రిహార్సల్ రాత్రి స్విచ్ వేస్తే తల లోపలికి పోయింది, ఆపితే బయటికొచ్చింది. తిరకాసుగా ఉందే అనిపించింది. అయినా "స్విచ్ వేసే పెడదాం, సీను వచ్చినప్పుడు ఆపుదాం" అన్నా. మా పక్క తండా తమ్ముడు, ఇంటర్ ఫస్టియర్, స్తంభం ముందు వంగి జూలు సర్దుతున్నాడు. కరెంటు పోయింది.

చీకట్లో ఠప్‌మని శబ్దం, "అన్నా" అని కేక. సెల్లు లైటు వేసి చూస్తే కనుబొమ్మ మీద రక్తం. మూడు కుట్లు పడ్డాయి. ఇంకొంచెం కిందైతే కన్ను పోయేది. ఫోన్లో వాళ్లమ్మ తిట్టలేదు. "నువ్వు ఉన్నావనే కదా నాయనా మా ధైర్యం" అనింది. తిట్టినా బాగుండేది.

జరిగింది ఇదీ. కరెంటు పోతే కంప్రెసర్ మోటారు ఆగుతుంది గానీ ట్యాంకులో గాలి ఎక్కడికీ పోదు. మా వాల్వుకు ఒకపక్క కాయిల్, ఇంకోపక్క స్ప్రింగు. కరెంటు లేనప్పుడు స్ప్రింగు వాల్వును తోసి పెట్టే చోటే దాని నార్మల్ పొజిషన్. నేను రెండు ట్యూబులూ తారుమారుగా తగిలించా. దాంతో కరెంటు లేకపోతే కడ్డీ బయటికి దూకేట్టు అయింది.

సారు ఇది క్లాసులో బొమ్మ వేసి చెప్పినదే. నార్మల్ పొజిషన్ అంటే ఏందని అడగాలనిపించింది. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే నవ్వుతారని తల దించుకుని రాసుకున్నా. ఆరోజు అడిగుంటే తమ్ముడికి కుట్లు పడేవి కావు.

మరుసటి రోజు సారు దగ్గరికి పోయి అంతా తెలుగులోనే చెప్పా. బాగా తిట్టారు, తర్వాత కూర్చోబెట్టి లెక్క వేయించారు. 32 మి.మీ. వ్యాసమంటే 8 చదరపు సెంటీమీటర్లు. కంప్రెసర్ 100 పి.ఎస్.ఐ. మీద ఉండింది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. మొత్తం 56 కిలోల తోపు. హాస్టలుకు వచ్చే బియ్యం బస్తా 50 కిలోలు.

తర్వాత మేం చేసినవి:

1. ట్యూబులు మార్చినాం. కరెంటు పోతే ఇప్పుడు తల లోపలే ఉంటుంది.
2. రెగ్యులేటరు పెట్టి 40 పి.ఎస్.ఐ.కి తగ్గించినాం. తోపు సుమారు 22 కిలోలు, ఆ బొమ్మకు చాలు.
3. సిలిండరులోంచి గాలి బయటికి పోయే దారిలో ఫ్లో కంట్రోల్ వాల్వు పెట్టి వేగం తగ్గించినాం.
4. చేత్తో మూసే వాల్వు పెట్టినాం. మూస్తే సిలిండరు వైపు గాలి బయటికి పోయే రకం తీసుకోండి. మామూలు కుళాయి లాంటిదైతే గాలి లోపలే ఉండిపోతుంది. సిలిండరు వైపు గేజీ సున్నా చూపిస్తేనే బొమ్మ మీద చెయ్యి వేయాలి.
5. ఒక మాట అందరికీ: పి.వి.సి. పైపును గాలి ట్యాంకుగా వాడొద్దు. పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

హాస్టల్ డే రోజు తమ్ముడు కట్టుతోనే వచ్చాడు. నేను జూలు సర్దడానికి వంగితే, "గేజీ చూసినావా అన్నా?" అన్నాడు. చూడలేదు. లేచిపోయి చూసి వచ్చా. నాటకం బాగా జరిగింది, ముందు వరుస పిల్లోళ్లు కుర్చీలెక్కినారు.

మీరు చేస్తుంటే నన్ను అడగండి. తెలియకపోతే సారును అడిగి చెప్తా. క్లాసులో అర్థం కానప్పుడు మీరూ చెయ్యెత్తండి, తెలుగులోనే అడగండి. నవ్వేవాళ్లు ఒక్క నిమిషం నవ్వి ఊరుకుంటారు.