గొలుసు లేని బండికి ఏ గ్రీజు?

మోటారు సైకిలు అనగానే మనవారికి ఇంజను నుండి వెనుక చక్రానికి పోయే గొలుసు స్ఫురిస్తుంది. వదులైతే బిగిస్తాము, ఎండిపోతే నూనె వేస్తాము, తెగితే మార్చుకుంటాము. అది కంటికి కనిపించే జబ్బు. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వారు 1923లో తమ మొట్టమొదటి మోటారు సైకిలు ఆర్-32ను రూపొందించినప్పుడే గొలుసుకు బదులుగా తిరిగే ఉక్కు కడ్డీని, అనగా షాఫ్టును, అమర్చినారు. గొలుసు బాధ తప్పినది గాని, దాని స్థానంలో కంటికి కనిపించని మరొక బాధ వచ్చి కూర్చున్నది. దాని పేరు స్ప్లైను.

స్ప్లైను అంటే ఏమిటో చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. కడ్డీ చివర చుట్టూ నిలువుగా పళ్లు కోస్తారు. అది దూరే రంధ్రంలో ఆ పళ్లకు సరిపడే గాడులు ఉంటాయి. ఒకటి తిరిగితే రెండవది తిరుగక తప్పదు. అయినా కావలసినప్పుడు ఒకదానినుండి మరొకదానిని సూటిగా లాగివేయవచ్చు. ట్రాక్టరు వెనుక రోటవేటరుకు శక్తినిచ్చే కడ్డీని చూచినవారికి ఇది కొత్త కాదు.

నేను విశాఖపట్నంలో ఒక కర్మాగారపు మెషిన్ షాపులో 31 సంవత్సరాలు ఫిట్టరుగా పనిచేసి విరమించినవాడిని. నిరుడు అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మా అబ్బాయి ఇంట కొన్ని నెలలు ఉన్నాను. వాడు 1976లో తయారైన ఆర్-75/6 బండినొకదానిని పాతదే కొని, ఒంటరిగా కొలరాడో పర్వతాలదాకా పోయిరావాలని సంకల్పించుకున్నాడు. ఒక ఉదయం కోడలు కాఫీ ఇస్తూ, "మామయ్యగారూ, మీరు చూచి సరేనంటేనే పంపిస్తాను. మీరు కాదంటే ఆయన మానుకుంటారు" అన్నది. విశ్రాంతికి వచ్చినవాడిని మళ్లీ ఉద్యోగంలో చేరినట్లయినది.

ఆ బండిలో దిగులు పడవలసిన స్ప్లైనులు రెండు. ఒకటి క్లచ్చి పలక నడుమ ఉంటుంది. దానిని చూడాలంటే గేరు పెట్టెను వెనుకకు జరపాలి, ఒక దినం పని. రెండవది వెనుక చక్రపు హబ్బులో ఉన్నది. చక్రం ఊడదీస్తే చాలు. ఈ పళ్లు అరిగిపోయేముందు మనకు చెప్పి పోవు. ఒకనాడు ఇంజను గర్జిస్తుంది, చక్రం మాత్రం కదలదు. అది నరసంచారం లేని కొండదారి కావచ్చు.

గేరు పెట్టె జరిపి చూచినాము. పళ్లు ఇంకా సూదిగా తేలలేదు, తలలు బల్లపరుపుగానే ఉన్నాయి. సందులలో మాత్రం ఎర్రని పొడి. "నీరు దిగి తుప్పు పట్టింది నాన్నా" అన్నాడు వాడు. అది నీటి తుప్పు కాదు. బేరింగులో గోళీలు దొర్లుతూ గ్రీజును తమ వెంట తిప్పుకుంటాయి. స్ప్లైనులో ఏదీ దొర్లదు. ఇంజను అదురుకూ, రెండు భాగాల వరుసలో ఉండే వెంట్రుకవాసి తేడాకూ పన్నుమీద పన్ను అతి స్వల్పంగా ముందుకూ వెనుకకూ రాచుకుంటూ ఉంటుంది. ఆ ఒత్తిడికి గ్రీజు పక్కకు పోతుంది; అంత చిన్న కదలికకు అది తిరిగి లోపలికి రాదు. అప్పుడు ఉక్కుమీద ఉక్కు ఒరసి, రాలిన రజను గాలి తగిలి ఎర్రబడి, ఆకురాయివలె మిగిలిన పంటిని కూడ తినివేస్తుంది.

కనుక ఇక్కడ కావలసినది నూనె నెట్టబడిపోయినా తాను నిలిచి ఉండే పదార్థం. షెడ్డులోని అరమీద మూడు రకాలు దొరికినాయి. మొదటిది లిథియం సబ్బుతో చేసిన చక్రాల బేరింగు గ్రీజు. పక్కింటి అమెరికను పెద్దమనిషి జీవితమంతా అదే వాడినానని, ఏ కీడూ జరుగలేదని చెప్పినాడు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. ఏటేటా విప్పి, తుడిచి, కొత్తది పూసేవాడికి అదే చాలు. మా అబ్బాయి అటువంటివాడు కాడు. రెండవ డబ్బామీద 'మాలీ' అని పెద్ద అక్షరాలు. వెనుకవైపు చిన్న అక్షరాలలో నూటికి మూడు పాళ్లు మాత్రమేనని ఉన్నది. మూడవది అరచేతిలో ఇమిడే ట్యూబు. అందులో నూటికి అరువది పాళ్లు మాలిబ్డినం డైసల్ఫైడు. ఖరీదు చూచి నేనే ఒకసారి నిట్టూర్చినాను.

ఈ పదార్థం చూపుకు పెన్సిలు సీసంవలె ఉంటుంది. పూర్వం దానిని గ్రాఫైటుగానే పొరబడేవారు. రెండూ వేరని 1778లో స్వీడను రసాయన శాస్త్రజ్ఞుడు షీలే నిరూపించినాడు. పేకముక్కల దొంతరవలె పొరలు పొరలుగా ఉండి, పొరమీద పొర సులువుగా జారుతుంది. నూనె పోయినా పొర పంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. మన పల్లెలలో ఎడ్లబండి ఇరుసుకు వేసే కందెన గుర్తున్నదా? కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసేవారు. నూనెలో ఘనపదార్థం కలపాలనే తెలివి మా తాతగారికి ఏ డబ్బామీదా చదువకుండానే ఉండేది. అయితే ఇంత చిక్కని మాలీ ముద్దను వేగంగా తిరిగే బేరింగులలో మాత్రం పెట్టరాదు. రోలర్లు దొర్లడం మాని జారుతాయి.

ఎంత పూయాలి? చాలమంది ఇక్కడ ఉదారులైపోతారు. క్లచ్చి స్ప్లైనుమీద ఎక్కువైన గ్రీజు విసురుకు పలకమీద పడుతుంది, క్లచ్చి జారుతుంది. చక్రపు స్ప్లైనుమీద ఎక్కువైతే బ్రేకు డ్రమ్ములోనికి పోతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టదు. తక్కువైతే పళ్లు పోతాయి, ఎక్కువైతే మనిషే పోవచ్చు. పాత గ్రీజును, ఎర్రపొడిని పూర్తిగా కడిగి ఆరబెట్టి, పళ్లు నల్లబడేంత పలుచగా కురచ కుంచెతో నేనే పూసినాను. రెండు చోట్లా మూడవ రకమే. తోసి, లాగి, అంచున పేరుకున్నది తుడిచివేసినాను. కోడలితో సరేనన్నాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదని మాత్రం ఆమెకు చెప్పలేదు.

వాడు 4,200 మైళ్లు తిరిగి క్షేమంగా వచ్చినాడు. నేను విశాఖకు చేరిన తరువాత టైరు మార్చడానికి వెనుక చక్రం విప్పి, ఫోనులోనే పళ్లు చూపించినాడు. బ్రేకు లోపల పొడిగా ఉన్నది. పళ్లన్నీ నల్లగా ఉన్నాయి. ఒకచోట మాత్రం అంచున ఆవగింజంత ఎరుపు. చక్రం బేరింగులలో కదలిక ఉన్నదేమో చూడమన్నాను. వరుస తప్పిన చక్రాన్ని ఏ గ్రీజూ సరిచేయదు. కొత్తది పూసేముందే చూడాలని, తరువాత కాదని రెండుసార్లు చెప్పినాను. ఆదివారం చూస్తానన్నాడు.