బండి కింద కుక్క

"మామా, బండి మాట్లాడాను. పది రోజులకి. హోటళ్ళ ఊసే లేదు. వంటా పడకా అన్నీ బండిలోనే. బ్రూనో కూడా వస్తాడు" అని మా మేనల్లుడు ఫోను చేశాడు.

అతను జర్మనీలో ఫ్రైబుర్గ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు వేసవి సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళాలని మేమిద్దరం అప్పటికే టిక్కెట్లు కొనుక్కుని ఉన్నాం. బ్రూనో అంటే ఎవరో ఆఫీసు స్నేహితుడు కాబోలు అనుకుని మా ఆవిడ, "పాపం, ఆ అబ్బాయికి మన కూరల్లో కారం పడుతుందో పడదో" అంది. అవతల మేనల్లుడు పకపకా నవ్వాడు. బ్రూనో కుక్క. పదకొండేళ్ళ ముసలి కుక్క.

"వండుకునేదీ అక్కడే, పడుకునేదీ అక్కడే, కుక్కా అక్కడేనా! మీరు వెళ్ళిరండి. నేను ఘన్‌పూర్‌లోనే ఉంటాను" అని మా ఆవిడ ఖరాఖండిగా చెప్పేసింది.

నేను మాత్రం ఏమీ అనలేదు. ఇల్లంతా బండికెత్తుకుని, కుక్కను వెంటబెట్టుకుని, పొద్దు గూకిన చోట వండుకు తిని పడుకునే యాత్ర నాకు కొత్తది కాదు. 1988లోనే చేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బండి మా తాతది. కుక్క పేరు మోతి. ఆ సంగతికి తరవాత వస్తాను. ముందు ఈ బండి సంగతి వినండి.

మా ఆవిడ చివరికి బయల్దేరిందని వేరే చెప్పనక్కరలేదు గదా. ఫ్రైబుర్గ్‌లో ఆ మోటార్‌హోమ్‌ను చూసి, "ఇంటిబండి" అని పేరు కూడా పెట్టింది. నిజంగా ఇంటిబండే. రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్జు, వంద లీటర్ల నీళ్ళ తొట్టి, పగలు భోజనాల బల్లగా ఉండి రాత్రి మంచమైపోయే బల్ల, ఓ మూల బీరువా అంత మరుగుదొడ్డి. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటకపోతే మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చట. గిన్నె గిన్నెకీ ఒక గూడు, గూటి గూటికీ ఒక గొళ్ళెం. మొదటి మలుపులోనే ఆ గొళ్ళెం మహిమ మాకు తెలిసివచ్చింది. మా ఆవిడ సరిగ్గా వెయ్యని గూటిలోంచి మామిడికాయ పచ్చడి సీసా దొర్లి కిందపడింది. తక్కిన తొమ్మిది రోజులూ ఆ బండి మా ఇంటిలాగే వాసన వేసింది.

బ్రూనోకి సీటుబెల్టు ఉంది. నీలం అట్టతో పాస్‌పోర్టు కూడా ఉంది. దాని మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. దానికి పదిహేనంకెల నంబరు. ఆ నంబరూ, రేబిస్ టీకా వేసిన తేదీ ఆ పుస్తకంలో ఉండాలి. మొదటిసారి టీకా వేయించాక 21 రోజులు గడిస్తే గాని అది సరిహద్దు దాటరాదు. "నా పాస్‌పోర్టు కంటే దీని పాస్‌పోర్టే నిండుగా ఉందిరా" అన్నాను. "రైల్లో తీసుకెళ్తే దీనికి టిక్కెట్టు కూడా కొనాలి మామా" అన్నాడు మా వాడు.

టిక్కెట్టు మాట వినగానే నాకు ఎక్కడో చురుక్కుమంది. కాని అప్పుడు చెప్పలేదు.

ఇట్లా ఇంటిని వెంట తీసుకుపోయే సరదా ఈనాటిది కాదు. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి పల్లకీలో, డేరాలతో, పెద్ద పరివారంతో కాశీయాత్రకు బయల్దేరాడు. ఆయనది పుణ్యం కోసం. సరదా కోసం పోయినవాడు గార్డన్ స్టేబుల్స్ అనే ఓడల డాక్టరు. 1885లో ఆయన రెండు గుర్రాలు లాగే ఇంటిబండి కట్టించుకుని, దానికి "వాండరర్" అని పేరు పెట్టి, ఇంగ్లండు పల్లెల మీదుగా స్కాట్లండు ఉత్తరాన ఇన్వర్‌నెస్ దాకా వెళ్ళాడు. వెంట ఒక పెద్ద న్యూఫౌండ్‌లండ్ కుక్క, ఒక చిలక. అమెరికాలో స్టైన్‌బెక్ 1960లో చార్లీ అనే కుక్కను లారీలాంటి బండిలో కూర్చోబెట్టుకుని దేశమంతా తిరిగి పుస్తకమే రాశాడు. కుక్క లేని యాత్రికుడు దారిలో కనిపించిన వాటికల్లా సమాధానం చెప్పుకుంటూ పోతాడు. కుక్క ఉన్నవాడు రెండు గంటలకోసారి ఆగాలి. ఆగినచోట ఎవరో ఒకరు కుక్కను పలకరించి, ఆ తరవాత మనిషిని పలకరిస్తారు.

మాకూ అదే జరిగింది. బ్రైజాఖ్ దగ్గర రైన్ నది దాటి ఫ్రాన్సులో అడుగుపెట్టాం. ఆ ప్రాంతం పేరు అల్సాస్. 1871 నుంచి 1945 దాకా డెబ్బై అయిదేళ్ళలో నాలుగుసార్లు జర్మనీ, ఫ్రాన్సుల మధ్య చేతులు మారిన నేల. ఆ వేళ మమ్మల్ని ఆపి అడిగినవారు లేరు. కొండవాలంతా ద్రాక్షతోటలు. కర్రల చట్రాల మధ్య గోడలు కట్టిన ఎగీషైమ్, రిక్విర్ లాంటి చిన్న ఊళ్ళు. ఇళ్ళ కప్పుల మీద గంపల్లాంటి కొంగల గూళ్ళు. ఒక కాలంలో ఆ కొంగలు దాదాపు మాయమైపోతే జనమే పెంచి మళ్ళీ నిలబెట్టుకున్నారట. బ్రూనోకి కాళ్ళ నొప్పులు. మెట్లెక్కలేదు. అందుచేత మేం కోటలు ఎక్కలేదు, చెరువు గట్ల మీద కూచున్నాం. రోజుకు యాభై కిలోమీటర్లు వెళ్తే గొప్ప. మూడో రోజుకి మా ఆవిడే దానికి పెరుగన్నం కలపడం మొదలుపెట్టింది. "మీ కోసం కాదు, మిగిలిపోతుందని" అనేది నాతో.

నాలుగో రాత్రి ఒక రైతు ద్రాక్షతోట పక్కన బండి నిలిపాం. ఇట్లాంటి బండ్లకు ఒక రాత్రి ఉచితంగా చోటిచ్చే రైతులు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. తొమ్మిదిన్నరకి గాని చీకటి పడలేదు. బండిలో బ్రూనోకి మెత్తని పరుపుంది. అయినా అది నెమ్మదిగా దిగి, బండి కిందికి పోయి, రెండు చక్రాల నడుమ చుట్ట చుట్టుకుని పడుకుంది. ఎంత పిలిచినా రాలేదు.

నాకు నిద్ర పట్టలేదు. కుర్చీ వేసుకుని బయటే కూచున్నాను. మా వాడు వచ్చి పక్కన కూచుని, "ఏం మామా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. అప్పుడు చెప్పాను మోతి సంగతి.

మా ఊరి పేరులోనే స్టేషన్ ఉంది. ఘన్‌పూర్‌లు చాలా ఉన్నాయి గనక రైలాగే ఘన్‌పూర్ అని గుర్తు. అయినా మా తాతకి మేడారం జాతరకు పోవాలంటే ఎడ్లబండే. మా వాడకట్టు నుంచి ఆ ఏడు ఏడు బండ్లు కట్టారు. మా దానికి వెదురు బద్దల గూడు, మీద తడక, లోపల వరిగడ్డి పరిచి దాని మీద బొంత. బియ్యం మూట, కట్టెల మోపు, అమ్మవారికిచ్చే బెల్లం. ఆ బెల్లాన్ని అక్కడ బంగారమే అంటారు. కాజీపేట, హనుమకొండ, ఆత్మకూరు, మల్లంపల్లి, గట్టమ్మకు మొక్కి ములుగు, ఆ పైన అడవిలో పస్రా. పోవడానికే అయిదు రోజులు. ఎక్కడ బావి ఉంటే అక్కడే విడిది. చేను గలవాడు వచ్చి, "జాతరకా? పండుకోండ్రి" అని ఎడ్లకు చొప్ప వేసిపోయేవాడు.

మోతి ఆ దారి పొడుగునా బండి కింద నడిచింది. ఇరుసు వెనకాల, లాంతరు వేలాడే చోట, బండి నీడలో. బండి కింద నడిచే కుక్క బండిని తానే మోస్తున్నాననుకుంటుందని సామెత. మా తాత దాన్ని చూసి నవ్వి, "మోస్తే మొయ్యనియ్, మనకేం బోయింది" అనేవాడు.

మేడారంలో జంపన్నవాగు ఒడ్డున బండి విప్పాం. జనంలో తప్పిపోతుందని మోతిని చక్రానికి కట్టి, "విప్పకురా" అని తాత నాకు మరీ మరీ చెప్పాడు. గురువారం పొద్దుగూకే వేళ చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తున్నారని జనమంతా కదిలారు. డప్పులు, శివసత్తుల కేకలు. మోతి తాడు తెంచుకోవాలని గింజుకుంటూ ఏడ్చింది. గొంతు బిగుసుకుంటుందని నాకు జాలేసింది. విప్పాను. ఒక్క దూకు దూకి జనంలోకి పోయింది.

తెల్లారి వెతికాం. మర్నాడూ వెతికాం. శనివారం అమ్మవార్లు అడవికి మళ్ళారు, తక్కిన ఆరు బండ్లూ కాడి కట్టాయి. మా నాన్న బడిపంతులు. సెలవు అయిపోతోంది. "కుక్క కోసం ఎన్ని దినాలుంటం?" అన్నాడు. తాత చుట్ట ముట్టించి, "మీరు పోండ్రి. మనెంబడి వచ్చిన జీవి. ఇడిసిపెట్టి ఎట్ల పోతం?" అన్నాడు. ఇంకో పగలూ ఇంకో రాత్రీ ఉన్నాం. మోతి రాలేదు. తాత నార్లాపూర్ దారిలో ఒక కోయ ఇంటికి పోయి, మోతి పండుకునే గోనెసంచి వాళ్ళకిచ్చి, వస్తే ఇంత గంజి పొయ్యమని చెప్పి వచ్చాడు. ఇంటికి చేరేదాకా ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

1990లో మళ్ళీ జాతర. అప్పటికి ఎడ్లను అమ్మేశాం. బస్సులో పోయాం. దిగీదిగగానే తాత నన్ను వెంటబెట్టుకుని ఆ కోయ ఇంటికి నడిచాడు. వాకిట్లో గోనెసంచి మీద మోతి ఉంది. మూతి నెరిసింది. తాత గొంతు వినగానే లేచి, ఆయన చుట్టూ తిరిగి తిరిగి, కాళ్ళ మీద తల పెట్టి కూచుంది. వచ్చేటప్పుడు బస్సు దాకా మా వెనకే వచ్చింది.

కండక్టరు కుక్కను ఎక్కించుకోనన్నాడు. అతని తప్పేం లేదు, బస్సు కిక్కిరిసి ఉంది. "దానికీ టిక్కెట్ గొట్టు, పైసలిస్త" అన్నాడు తాత. బస్సంతా నవ్వింది.

కాలేజీలో నేను ఏటా మహాప్రస్థానిక పర్వం సంగతి చెప్తాను. తిక్కనగారి తెలుగులో. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు చోటు లేదంటే, ధర్మరాజు ఆ రథమే ఎక్కనంటాడు. పిల్లలకు ఆ ఘట్టం బాగా నచ్చుతుంది. చెప్పేటప్పుడల్లా నాకు ఆ బస్సు గుర్తొస్తుంది. మా తాత ధర్మరాజు కాలేదు. బస్సెక్కాడు. నాకు ఆ వేళ ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఒక చేత్తో నన్ను ఎత్తుకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. మోతి కొంతదూరం బస్సు వెంట పరుగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి ఆ ఇంటివైపే నడిచింది. "దానిల్లు అది చూసుకున్నది తియ్" అన్నాడు తాత. ఆ తరవాత మా ఇంట్లో కుక్కను పెంచలేదు.

నేను చెప్పడం ముగించేసరికి మా వాడు లేచి, బండి కిందికి వంగి, బ్రూనో గిన్నెలో నీళ్ళు పోసి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు కోల్మార్ చేరాం. అక్కడ పాత సన్యాసినుల మఠంలో ఉన్న మ్యూజియంలో గ్రూనెవాల్ట్ అనే చిత్రకారుడు 1512, 1516 మధ్య వేసిన పెద్ద చిత్రపటం ఉంది. దాన్ని చూడాలని నేను ఘన్‌పూర్‌లో బయల్దేరినప్పటి నుంచి అనుకుంటూ ఉన్నాను. లోపలికి కుక్కలు రాకూడదు. మూసిన బండిలో ఉంచుదామా అంటే, బయట ఎండ ఇరవై అయిదు డిగ్రీలే ఉన్నా లోపల అరగంటలో నలభై దాటుతుంది. ఇద్దరిద్దరుగా వెళ్ళొచ్చు గాని, మ్యూజియం మూసేవేళ దగ్గరపడింది. మా వాడు, "నేనుంటాను మామా, మీరు వెళ్ళండి" అన్నాడు.

"మీరు వెళ్ళండ్రా. నేను చూసుకుంటాను" అన్నాను.

"ఇంత దూరం వచ్చి చూడకుండా పోతారా?" అంది మా ఆవిడ. నేను తాడు చేతికి చుట్టుకున్నాను.

బండి తలుపులన్నీ తెరిచిపెట్టి, దాని నీడలో కుర్చీ వేసుకున్నాను. బ్రూనో చక్రాల నడుమకు పోయి పడుకుంది. ఓ గంటన్నర అట్లాగే గడిచింది. చదువుదామని తెచ్చుకున్న పుస్తకం తెరవలేదు. మధ్యలో ఒక ముసలాయన ఆగి, ఫ్రెంచిలో ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. కుక్క వయస్సు కాబోలు అనుకుని పదకొండు వేళ్ళు చూపడానికి నానా తంటాలు పడ్డాను. ఆయన నవ్వి, వంగి, దాని చెవులు నిమిరి వెళ్ళిపోయాడు.

మా వాళ్ళు తిరిగి వచ్చారు. ఆ చిత్రం ఫోటో ఉన్న కార్డు ఒకటి మా ఆవిడ నా కోసం కొనుక్కొచ్చింది. ఎట్లా ఉందని అడగబోతున్నాను. ఆవిడ కార్డు నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బండి కిందికి వంగి చూస్తూ అడిగింది:

"ఏమండీ, నీళ్ళు తాగిందా అది?"